మౌజల్‌లో గంటసేపు చీకటి

ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్ తీరంలో ఉన్న ఈ చేపలరేవు పేరును అక్షరాలా చదివితే ‘ఎలుక కన్నం’. ఊరివాళ్లు పలికేది మాత్రం మౌజల్ అని. డిసెంబరు వస్తే రేవంతా రంగు దీపాలే. 1963లో మొదలైన ఈ వేడుకకు జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నన్ను కదిలించేది ఆ వెలుగు కాదు, 19వ తేదీ రాత్రి 8 నుంచి గంటసేపు దీపాలన్నీ ఆర్పేయడం.

1981లో ఆ రాత్రే యూనియన్ స్టార్ అనే సరుకు ఓడ ఇంజిన్ ఆగి, తుపానులో రాళ్లవైపు కొట్టుకొచ్చింది. ఓడలోవాళ్లను కాపాడేందుకు పక్కనే ఉన్న పెన్లీ పాయింట్ నుంచి సాలమన్ బ్రౌన్ అనే చెక్క లైఫ్‌బోటు బయల్దేరింది. అందులో 8 మంది, జీతం లేని ఊరివాళ్లు. ఒకే ఇంటి నుంచి ఇద్దరు వద్దని, తండ్రి పడవెక్కిన ఓ కుర్రాణ్ని నాయకుడు ఒడ్డునే ఆపేశాడు. నలుగురిని ఎక్కించుకున్నామని రేడియోలో కబురొచ్చింది. తర్వాత ఇంకేమీ వినబడలేదు. పడవలోవాళ్లూ ఓడలోవాళ్లూ కలిపి మొత్తం 16 మంది పోయారు. ఆ ఏడాది దీపాలు వెలిగించిన షిప్ ఇన్ పబ్ యజమాని చార్లీ గ్రీన్‌హా కూడా వాళ్లలో ఉన్నాడు. మూడు రోజులకు దీపాలు మళ్లీ పెట్టమని అడిగింది ఆయన భార్యే.

ఆ పబ్‌లోనే ఏటా 23న ‘స్టార్‌గేజీ పై’ అనే చేపల వంటకం పంచుతారు. పిండి మూత చీల్చుకుని చేపల తలలు ఆకాశంకేసి చూస్తుంటాయి. చూడగానే నోరూరే వంటకమైతే కాదు! తుపానులో వేటకెళ్లి ఊరి ఆకలి తీర్చాడనే టామ్ బాకాక్ పేరిట ఈ పండగ. అతను నిజంగా ఉన్నాడో లేడో ఎవరికీ పట్టదు.

కట్టడాల సంగతి వేరు. 1595లో స్పెయిన్ సైనికులు ఊరు తగలబెడితే మిగిలిన కీగ్విన్ ఇల్లు ఎవరు కొనుక్కున్నా నిలబడే ఉంటుంది. కార్న్‌వాల్ సొంత భాష కార్నిష్ మాట్లాడిన చివరి తరంలో పేరున్న, ఇక్కడ చేపలమ్మే డాలీ పెంట్రీత్ 1777లో పోతే, 1860లో స్మారకశిల వేయించడానికి నెపోలియన్ బోనపార్టె వంశపు రాకుమారుడొకడు పూనుకున్నాడు. రాయి వేయడానికి పరాయివాడైనా చాలు. దీపం ఆర్పి, ఎవరినో తలుచుకునేందుకు మాత్రం ఊళ్లో కాపురం ఉండేవాళ్లు కావాలి. కార్న్‌వాల్ రేవుల్లో ఇళ్లు సెలవుల విడిదిళ్లయిపోతున్నాయి, చలికాలం చాలా కిటికీలు రోజూ చీకటే. 2025 ఏప్రిల్ నుంచి అక్కడి కౌన్సిల్ రెండో ఇళ్లపై పన్ను రెట్టింపు చేసింది. ఏడాదికి కొన్ని వారాల కోసం సముద్రం ఒడ్డున ఇల్లు కొనగలిగినవాళ్లు ఆ పన్నుకు జడిసి తాళాలు అప్పగిస్తారని నేననుకోను.