నడుం కొలవని ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ గారికి

మహారాజశ్రీ ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ గారికి,

మీరు పంపే రిపోర్టులు చదవడమే పనిగా బతుకుతున్న మేము రాయునది. ఇక్కడ మేం క్షేమం. అక్కడ మీ అమ్మకాలు క్షేమమని తలుస్తాం.

ఉగాదికి సగం ధర, దసరాకి జంటకు ఒక ధర. మగవారికి నీలం కరపత్రం, ఆడవారికి గులాబీ కరపత్రం. నీలంలో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్, ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ. గులాబీలో థైరాయిడ్, విటమిన్ డి, రొమ్ము స్కాన్. గుండె సంగతి ఇద్దరికీ ఒక ఈసీజీతో సరి. మంచం మీద పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన రక్తనాళాలు బాగున్నట్టు కాదని మీకు తెలియకపోదు. అన్నీ కలిపి ఎనభైకి పైగా పరీక్షలని పెద్దక్షరాల్లో వేస్తారు. పేరు ఫుల్ బాడీ. ఆ బాడీలో నడుం ఎక్కడుందో మాత్రం ఇంతవరకు మీ దృష్టికి రాలేదు.

అసలు విషయానికి వస్తాం. పరగడుపు షుగర్ 112, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.0. మీరు ఆ అంకెల్ని కాస్త లావుగా అచ్చువేసి, పక్కన "బోర్డర్‌లైన్" అని రాసి, రెండు చపాతీల డైట్ చార్టు ఒకటి అంటించి పంపుతారు. చదివినవాళ్లు "హమ్మయ్య, షుగర్ ఇంకా రాలేదు" అనుకుని ఫైలు బీరువాలో పెడతారు. పరగడుపున 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు మెట్టు. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో వేసిన లెక్క ప్రకారం ఈ దేశంలో 13.6 కోట్ల మంది అక్కడున్నారు. షుగర్ 126 అయ్యేదాకా గుండె ఆగి చూస్తుందని ఎవరూ దానికి చెప్పలేదు. ఇన్సులిన్ మాట కణాలు వినడం మానేసిన రోజు నుంచే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరగడం, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ తగ్గడం, బీపీ పైకి జరగడం మొదలవుతాయి.

మీ రెండు కరపత్రాలూ తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే. మాట వినని కణాలకు వినిపించడానికి శరీరం ఇన్సులిన్ ఇంకా ఎక్కువ వదులుతుంది. కొవ్వు పట్టిన కాలేయం, ఎక్కువైన ఇన్సులిన్ కలిసి ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ తయారీని తగ్గించేస్తాయి. రక్తంలో టెస్టోస్టెరాన్‌ని, ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌ని పట్టి ఉంచేది ఆ ప్రొటీనే. అది తగ్గితే మగవారిలో మొత్తం టెస్టోస్టెరాన్ అంకె పడిపోతుంది. ఆడవారిలో, అందులోనూ పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ తేడా ఉన్నవారిలో, పట్టి ఉంచేవాళ్లు లేక విడిగా తిరిగే టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. ఇన్సులిన్ ఒకటే, కాలేయం ఒకటే. మగవారికి తగ్గుదల, ఆడవారికి పెరుగుదల. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించే కాగితం మీ ఫైల్లో ఏదీ?

నీలం కరపత్రం సంగతి చూద్దాం. పొట్ట పెరిగిన నలభై ఎనిమిదేళ్ల మనిషికి టెస్టోస్టెరాన్ 280 వచ్చింది. కింద "తక్కువ" అని ఎర్ర గుర్తు. ఎప్పుడు తీశారు రక్తం? ఇంటికొచ్చి, పదకొండింటికి, ఆయన కాఫీ తాగాక. టెస్టోస్టెరాన్ తెల్లవారాక ఎక్కువగా ఉండి పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది. తిండి తిన్నా తగ్గుతుంది, జ్వరంలో ఉన్నా తగ్గుతుంది. పరగడుపున, ఉదయం ఏడు నుంచి పది లోపు, రెండు వేర్వేరు రోజుల్లో తీయాలి. తక్కువ వస్తే ఎస్‌హెచ్‌బీజీ కూడా చూసి, విడిగా ఉన్న టెస్టోస్టెరాన్ ఎంతో లెక్క కట్టాలి. చాలామందికి అప్పుడు తేలేది, తగ్గింది మగతనం కాదు, ఎస్‌హెచ్‌బీజీ అని. పొట్ట తగ్గితే అంకె దానంతట అదే కొంత లేస్తుంది.

మీరు ఇదంతా ఎందుకు చెబుతారు? ఎర్ర గుర్తు పక్కనే ఇంజెక్షన్ కన్సల్టేషన్ కూపన్ ఉంది కదా. ఆ మందుకు అసలు ఉపయోగమే లేదని అనం. నడుం 95 సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్న మగవారి మీద ఆస్ట్రేలియాలో జరిగిన టీ4డీఎం పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. అందరికీ ఆహార వ్యాయామాల కార్యక్రమం, సగం మందికి దానితోపాటు టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్. రెండేళ్లకు డయాబెటిస్ స్థాయిలో షుగర్ ఉన్నవాళ్లు ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 12 శాతం, తీసుకోనివారిలో 21 శాతం. బాగానే ఉంది. కానీ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో అయిదుగురికి ఒకరికి రక్తం చిక్కబడి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటింది. టెస్టోస్టెరాన్ మందు మీదే జరిగిన 2023 నాటి ట్రావర్స్ పరీక్షలో గుండెపోట్లు పెరగలేదు, సరే. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో గడ్డలు మాత్రం మందు వాడినవారిలోనే ఎక్కువ. ఇంకో మాట మీ కూపన్ మీద ఎక్కడా కనిపించదు: బయటినుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే వీర్యకణాల తయారీ పడిపోతుంది. పిల్లల కోసం చూస్తున్న కుర్రాడికి అది ముందే చెప్పాలి.

గులాబీ కరపత్రంలో ఉన్న పరీక్షల కంటే లేని ప్రశ్నలే ఎక్కువ. "అమ్మా, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా?" ఈ ఒక్క ప్రశ్నకు ఖర్చు సున్నా. అప్పుడు షుగర్ వచ్చినవారికి తర్వాతి కాలంలో డయాబెటిస్, గుండె జబ్బు రెండూ వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పయిన 6 నుంచి 12 వారాల్లో ఒకసారి, ఆ తర్వాత ఏడాది నుంచి మూడేళ్లకోసారి గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి. కాన్పయ్యాక పిల్లాడి టీకాల కార్డు దాచినంత భద్రంగా తల్లి షుగర్ కాగితం ఎవరూ దాచరు.

"గర్భసంచి తీశారా? ఏ వయసులో? అండాశయాలు ఉంచారా?" ఇది రెండో ప్రశ్న. మన ప్రాంతంలో ఇది అడక్కపోవడం క్షమించరానిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం దాటారు. అండాశయాలు కూడా తీసేస్తే మర్నాటి నుంచే మెనోపాజ్. ఉంచినా అది ముందుగా రావచ్చు. మెనోపాజ్ వచ్చి ఈస్ట్రోజన్ తగ్గాక చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ పెరుగుతుంది, కొవ్వు తొడల నుంచి పొట్టకు మకాం మారుస్తుంది. ముప్పై ఎనిమిదేళ్లకే ఆపరేషన్ అయిన ఆవిడ వయసు మీ రిపోర్టులో నలభై రెండు. ఆవిడ రక్తనాళాలది ఆ లెక్క కాదు.

అలాగని మీరు ఈస్ట్రోజన్ పరీక్ష ఒకటి చేర్చి ధర పెంచకండి. మెనోపాజ్ దగ్గరపడేటప్పుడు ఆ అంకె రోజుకో తీరుగా ఉంటుంది. ఒక్కసారి తీసిన రక్తంతో ఏమీ తేలదు. గుండెను కాపాడటానికని హార్మోన్ మాత్రలు మొదలుపెట్టడమూ సరికాదు. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ వారు ఆ మాత్రల మీద చేస్తున్న పరీక్షను, మేలు కంటే కీడు ఎక్కువని తేలి, 2002లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేమి ఉన్నవారికి, నలభై అయిదులోపే అండాశయాలు పోయినవారికి లెక్క వేరు. అది గైనకాలజిస్టు తేల్చాల్సిన పని.

హెచ్‌బీఏ1సీ విషయంలోనూ ఆడవారికి మీరొక ఫుట్‌నోట్ బాకీ. ఇనుము తక్కువై రక్తహీనత ఉంటే ఆ అంకె అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. రక్తం ఎక్కించుకుంటేనో, ఈమధ్యే బాగా పోతేనో తక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్ 9 ఉన్నావిడ చేతికి 6.1 కాగితం ఇచ్చి భయపెట్టేముందు, అదే ఫైల్లో రెండు పేజీల వెనక ఉన్న మీ సీబీసీని (రక్తకణాల లెక్కని) మీరే ఒకసారి చదవండి.

ఇక మీ ఉచిత టిఫిన్. రెండు ఇడ్లీ, వడ, ఉప్మా, తీపి కాఫీ. రెండు గంటల తర్వాత రక్తం. ఒకరు వడ వదిలేస్తారు, ఒకరు ఇంకో రెండు అడిగి తింటారు, అంకెలు మాత్రం ఒకే గీత మీద కొలుస్తారు. పద్ధతి ఇది కాదు. ముందు మూడు రోజులు రోజూ తినే అన్నమే తినాలి. "పరీక్ష ఉంది కదా" అని మానేస్తే ఫలితం తప్పుతుంది. రాత్రి కనీసం ఎనిమిది గంటలు ఖాళీ కడుపు. 75 గ్రాముల గ్లూకోజ్ 250–300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి అయిదు నిమిషాల్లో తాగాలి. తర్వాత రెండు గంటలు నడవకుండా, సిగరెట్ తాగకుండా కూర్చోవాలి. వాంతి అయితే ఇంకో రోజు రావాలి. అప్పుడు తీసిన రక్తంలో 140 నుంచి 199 వస్తే ప్రీడయాబెటిస్. పరగడుపు షుగర్ 96తో మీ దగ్గర మంచివాళ్లనిపించుకున్నవారు ఎందరో ఇక్కడ దొరికిపోతారు.

దొరికితే ఏం చేయాలో తెలియక కాదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో నడక, తిండి మార్పులతోనే డయాబెటిస్ ముప్పు 28 శాతం దాకా తగ్గింది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇచ్చినవారిలో దాదాపు అంతే. రెండూ కలిపినా అంతకు మించలేదు. చైనాలోని డాచింగ్‌లో 1986లో మొదలైన పరీక్షను ముప్పై ఏళ్లు వెంబడిస్తే, తిండీ వ్యాయామం మార్చుకున్నవారిలో గుండె, రక్తనాళాల జబ్బులు 26 శాతం తక్కువ.

పొట్ట కొవ్వుకీ ఈ కథంతటికీ ముడి ఉంది కనుక, ఈ లేఖతోపాటు నడుం కొలవడానికి దర్జీ టేపు ఒకటి జతచేశాం. బెల్టు కట్టే చోట కాదు, పొట్ట కింద అసలే కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో, చొక్కా పైకెత్తి, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా చూడాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. దాటితే ఆ అంకెని మొదటి పేజీలో, షుగర్ పైన, వీలైతే మీ లోగో కంటే పెద్దక్షరాల్లో వేయగలరు.

ఇట్లు,
మీ రిపోర్టులు చదివేవాళ్లం