పద్దు రాయకుండా నారు పోయొద్దు

సాగర్‌లో నీళ్లు లేవని 2024 యాసంగిలో ఎడమ కాలువ కింద సాగుకు నీరు వదలలేదు. అదే ఏడాది సెప్టెంబరు 1న అదే కాలువకు నడిగూడెం మండలంలో గండి పడింది, కోదాడ వరదలో మునిగింది. అంతకు ముందరి 2023 ఆగస్టులోనైతే, 1901 నుంచి చూస్తే దేశంలో మరే ఆగస్టులోనూ లేనంత తక్కువ వాన పడింది. కరువు ఒక ఏడు, వరద ఒక ఏడు అని చెప్పుకునే రోజులు పోయాయి. దక్షిణ తెలంగాణ రైతు ఇప్పుడు ఏడాది తిరక్కుండానే రెండింటినీ చూస్తున్నాడు.

దీన్ని తట్టుకోవడం ఎలా అంటే నాయకుల చూపు వెంటనే ఎత్తిపోతల మీదికి పోతుంది. కల్వకుర్తి కాలువలు చేరిన చోట చెరువులు నిండుతున్న మాట నిజమే, కాదనలేం. కాలువకు ఎగువన, కాలువ చివరన ఉన్న ఊళ్ల సంగతే తేలాలి. వాటికి దిక్కు బోరు. ఆ బోరు కింద ఎన్ని నీళ్లున్నాయో లెక్క చూసుకోకుండానే ఏటా నాట్లు పడుతున్నాయి.

లెక్క కష్టమైందేమీ కాదు. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో ఏటా పడే వాన సగటున 600 మి.మీ. దగ్గర ఉంటుంది, నల్లగొండలో కొంత ఎక్కువ. మన కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు నిలిచేది పైనున్న మొరం పొరలో, దాని కింద రాతి పగుళ్లలో. పడిన వానలో లోపలికి ఇంకేది పదో వంతు, అంటే 60 మి.మీ. ఒక ఎకరంలో మిల్లీమీటరు నీళ్లంటే సుమారు 4,000 లీటర్లు. ఆ లెక్కన ఏడాదికి ఎకరానికి జమయ్యేది 2.4 లక్షల లీటర్లు. యాసంగి వరికి 1,200 మి.మీ. నీళ్లు కావాలి, అంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. ఒక ఎకరం వరి 20 ఎకరాల వాన తాగుతుందన్నమాట. మడిలో పెట్టిన నీళ్లు మళ్లీ భూమిలోకే పోతాయి కదా అని రైతులంటారు, అందులో నిజముంది. దానికింద సగం తీసేసినా 10 ఎకరాల వాన కావాలి. 2,000 ఎకరాల ఊరు బోర్ల మీద వేయగలిగిన వరి 200 ఎకరాలు. అదీ తాగునీరు, పశువులు, తోటలు పక్కన పెడితే!

ఈ పద్దును దసరాకు, అంటే నారు పోయకముందే, ఊరు కూర్చుని రాసుకోవాలి. అందుకు ఊళ్లో ఒక వానమాపకం, నాలుగు దిక్కులా కొలవడానికి ఎంచిన పది బోర్లు, బరువు కట్టిన కొలత టేపు ఉంటే చాలు. వానకు ముందు మే నెలలో ఒకసారి, వానలు వెనక్కి పోయాక ఒకసారి నీటిమట్టం చూడాలి. మన రాతిలో ఖాళీ 2 శాతం అనుకుంటే, మట్టం ఒక మీటరు పెరిగినప్పుడు చేతికొచ్చింది 20 మి.మీ. నీరే. మూడు మీటర్లు పెరిగితే 60. తప్పు జరిగేది కొలిచే వేళ దగ్గర. ఆ బోరుతో పాటు చుట్టుపక్కల మోటార్లన్నీ రాత్రంతా ఆగి ఉండాలి, తెల్లవారకముందే కొలవాలి. ఆటో స్టార్టరు ఉన్న ఊళ్లో కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, కొలత పనికిరాకుండా పోతుంది. భూగర్భ జల శాఖ పిజోమీటర్లతో, అంటే నీటిమట్టం చూడడానికే వేసిన బోర్లతో, నెలనెలా లెక్కలు ఇస్తూనే ఉంది గానీ, మండలం సగటు చూసి ఏ ఊరి రైతూ నారు పోయడు.

ఇదేమీ కొత్త ఊహ కాదు. 2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాన్ని కొలిచి, నీటి బడ్జెట్ వేసుకున్న పథకం నడిచింది. మహబూబ్‌నగర్, నల్లగొండ అందులో ఉన్నాయి. పథకం ముగిశాక ప్రభుత్వం ఆ పనిని తన నెత్తికెత్తుకోలేదు. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. కరెంటు కోతే ఇంతకాలం నీటికి కాపలా కాసిందని చాలామందికి ఆ తర్వాతే తెలిసింది.

వరి వేసిన రైతును తప్పుపట్టడం తేలిక. ఊరి కేంద్రంలో కాంటా పెట్టి కొనేది వడ్లనే. సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా ఉంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లికి పేరుంది, వరి తాగే నీటిలో సగం కూడా దానికి అక్కర్లేదు. అయినా రైతు వెనకాడుతున్నాడంటే ధర ఒక కారణం, అడవిపందులు, కోతులు మరో కారణం. పల్లికి, జొన్నకు, కందికి ఊళ్లోనే కాంటా పెట్టకుండా పంట మార్చుకోండని చెప్పడం ఉత్తమాట.

మరో దారి బోర్లు కలపడం. ఒక గట్టు కింద ఐదారుగురి బోర్లను భూమిలో వేసిన పైపులైనుతో కలిపి, బోరు లేని పొరుగువాళ్ల చేన్లకూ వాల్వులు పెట్టాలి. వాన మొహం చాటేసిన రెండు మూడు వారాల్లో, కంది పూతకో పత్తి కాయకో స్ప్రింక్లర్లతో 25 మి.మీ. తడి ఇస్తే ఎకరానికి పట్టేది లక్ష లీటర్లు. గంటకు 7,000 లీటర్లు పోసే బోరుకు 14 గంటల పని. ఒక ఎకరం వరి నీళ్లతో 48 ఎకరాలకు ఒక్కో ప్రాణతడి పెట్టొచ్చు. బదులుగా పదేళ్లు ఆ గట్టు కింద కొత్త బోరు వేయబోమని అందరూ రాసివ్వాలి. ఆ షరతు లేకపోతే నీళ్లు పొందిన పొరుగువాడే రెండో ఏడు పక్కన 600 అడుగుల బోరు దింపుతాడు. నల్లగొండలో అంత లోతుకు పోతే నీటితో పాటు ఫ్లోరైడు తగిలే భయమూ ఉంది.

చెరువు సంగతీ ఈ పద్దులోనిదే. చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం 2015లో మొదలైంది, పూడిక బాగానే తీశారు. ఇప్పుడు చూడాల్సింది వరద కాలువ, తూము, నిండిన చెరువు పొర్లిపోయే మత్తడి. సగం కూడా నిండని ఏడు తూము మూసేసి, నీటిని కింది బావులకు ఇంకనివ్వడమే మేలు. నాలుగు నీళ్లు ఎక్కువ ఆగుతాయని మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చడం, చెరువు లోపలి శిఖం భూమి మునుగుతోందని మత్తడిని పగలగొట్టడం, రెండూ మన ఊళ్లలో జరిగేవే. మొదటిదాంతో కుండపోత రోజున నీరు కట్ట మీదుగా పొర్లి గండి పడుతుంది. కట్ట మీద సర్కారు తుమ్మను పెరగనిచ్చినా అంతే, చచ్చిన వేర్ల బొక్కల వెంట నీరు కారడం మొదలవుతుంది. మే నెలలో తుమ్మ కొట్టించి, తూము పక్కన మట్టి దిమ్మిస కొట్టించడానికి పంచాయతీకి పెద్ద ఖర్చేమీ కాదు.

కలిపిన బోర్లు చాలాచోట్ల చెడేది నీటి దగ్గర కాదు, మోటారు కాలినప్పుడు. బాగు చేయించేది ఎవరు? తడి తీసుకున్న ప్రతి రైతూ ఎకరానికి ఇంత అని పంటకాలం మొదట్లోనే సంఘం ఖాతాలో వేయాలి. సర్కారు ఇచ్చే పైపుల రాయితీ ఆ ఖాతాలో డబ్బు పడిన సంఘాలకే, కొత్త బోరు వేయబోమన్న సంతకాలు పంచాయతీ పుస్తకంలో ఎక్కాకే ఇవ్వాలి.