వెనక్కి తీసుకున్న భూమి ఎవరికి?

ప్రభుత్వం భూమిలేని పేదకు భూమి కేటాయిస్తూ (అసైన్ చేస్తూ) ఇచ్చే డి-పట్టాలో ఒక షరతు ఉంటుంది. భూమిని తరతరాలుగా అనుభవించవచ్చు, అమ్మకూడదు. అమ్మితే ఆ లావాదేవీ చెల్లదు. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం కింద అధికారులు నోటీసు ఇచ్చి భూమిని వెనక్కి తీసుకోవచ్చు. ఇంతవరకు ఊళ్లలో అందరికీ తెలుసు. అలా తీసుకున్న భూమి ఎవరి చేతికి వెళ్లాలన్నదే తెలియదు, చెప్పేవారూ అరుదు.

చట్టంలోని నాలుగో సెక్షన్‌లో జవాబు ఉంది. దాని తొలి రూపం ప్రకారం ముందుగా అసలు పట్టాదారుకు గానీ వారసులకు గానీ అప్పగించాలి. అది వీలుకానప్పుడే ప్రభుత్వపరం చేసి మరో భూమిలేని పేదకు ఇవ్వాలి. ఒకసారి తిరిగి ఇచ్చాక మళ్లీ అమ్ముకుంటే మాత్రం ఆ అవకాశం ఉండదు. బిడ్డ పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో తెల్లకాగితం మీద వేలిముద్ర వేసినవాడిని శాసనకర్తలు ఒక్కసారికి మన్నించారన్నమాట. తరువాత వచ్చిన సవరణ ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాలకు ఈ హామీ వర్తించకుండా చేసింది. అలాంటి ప్రాంతాలు ఎక్కడుంటాయో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు; ఎకరం ధర కోట్లకు చేరిన చోటే.

వెనక్కి రాబట్టినది ఎవరికి చెందాలన్న విషయంలో యుద్ధకాలపు చట్టాలు ఎంతో స్పష్టంగా ఉన్నాయి. శత్రువు పట్టుకున్న వర్తక నౌకను సొంత నౌకాదళం విడిపిస్తే అది యజమానికే చెందాలని బ్రిటన్ 1864లోనే చట్టం చేసింది. విడిపించినవారికి దక్కేది విలువలో ఎనిమిదో వంతు, ప్రత్యేక పరిస్థితుల్లోనైనా నాలుగో వంతుకు మించదు. శత్రువు దాన్ని యుద్ధనౌకగా వాడుకొని ఉంటేనే మినహాయింపు. ఫిరంగులకు ఎదురొడ్డిన నావికులకే ఆ హద్దు ఉంటే, నోటీసు అంటించే యంత్రాంగానికి ఎందుకు ఉండకూడదు?

షరతు తప్పితే వెనక్కి తీసుకునే పన్ను రాయితీ సంగతి వేరు. ఖజానా వదులుకున్నది ఖజానాకే చేరుతుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 80సి కింద గృహరుణం అసలుపై మినహాయింపు పొందినవారు, ఇల్లు స్వాధీనమైన ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్లలోపే అమ్మేస్తే, అంతవరకు పొందిన మినహాయింపంతా అమ్మిన ఏడాది ఆదాయంలో కలుస్తుంది. ఏటా లక్షన్నర చొప్పున మూడేళ్లు పొందితే నాలుగున్నర లక్షలు. వడ్డీపై పొందిన మినహాయింపు జోలికి వెళ్లరు. నొప్పే, కానీ గడువూ లెక్కా ముందే తెలుసు.

అసైన్డ్ భూమికి అలాంటి గడువు చాలాకాలం లేదు. ఆంధ్రప్రదేశ్ 2023లో ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు పూర్తి హక్కులిచ్చింది. అందులో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలతో 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ భూముల రిజిస్ట్రేషన్లను ఆపి విచారణకు దిగింది. పేదల అవసరాన్ని సొమ్ము చేసుకున్నవారి గుట్టు రట్టు కావలసిందే. అయితే కొనుగోలుదారు చేతినుంచి జారిన భూమి నేరుగా ప్రభుత్వ భూనిధిలో పడితే, పట్టాదారు రెండుసార్లు నష్టపోయినట్లే. ప్రజావసరానికి తీసుకున్నా అసైన్డ్ భూమి పొందినవారికి ప్రైవేటు పట్టా భూములతో సమానంగా మార్కెట్ విలువ చెల్లించాలని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తేల్చింది.

తహసీల్దారు ఇచ్చే ప్రతి నోటీసూ కొన్నవారితోపాటు అసలు పట్టాదారుకు, వారసులకు కూడా అందాలి. భూమిని తిరిగి కోరుకునే హక్కు వారికి ఉందని అందులో తెలుగులో రాయాలి. వారి మాట వినకుండా భూమిని ప్రభుత్వపరం చేస్తూ ఇచ్చిన ఉత్తర్వును కలెక్టర్లు పక్కన పెట్టాలి. ప్రస్తుత విచారణలో రద్దయ్యే రిజిస్ట్రేషన్లకూ ఇదే పద్ధతి పాటించాలి.