సుత్తి దెబ్బ లేని పునాదికి సముద్రంలో పరీక్ష కావాలి

సముద్రంలో గాలిమరను నిలబెట్టడానికి ఇవాళ ఎక్కువగా అనుసరిస్తున్న పద్ధతి, లావాటి ఉక్కు గొట్టాన్ని భారీ సుత్తితో వేల దెబ్బలు కొట్టి అడుగునేలలోకి దించడం. మోనోపైల్ అనే ఈ గొట్టాల వ్యాసం కొన్నిచోట్ల 8 నుంచి 10 మీటర్లకు చేరింది. టర్బైన్ పెరిగేకొద్దీ గొట్టం, గొట్టంతో పాటు సుత్తి దెబ్బ పెరుగుతున్నాయి. ఆ చప్పుడు నీటిలో కిలోమీటర్ల దూరం సాగి, చెవినే నమ్ముకుని దారి వెతుక్కుంటూ వేటాడే, డాల్ఫిన్లను పోలిన పోర్పస్‌ల వంటి జీవులను తరిమేస్తుంది. మరీ దగ్గరగా ఉన్నవాటి వినికిడిని దెబ్బతీస్తుంది. జర్మనీ 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ శబ్దం 160 డెసిబెళ్లు మించరాదని హద్దు పెట్టింది ఇందుకే. ఆ హద్దుకు లోబడటానికి పైల్ చుట్టూ గాలిబుడగల తెరలు కడుతున్నారు. చప్పుడు పుట్టాక దాన్ని ఆపే ఈ ఏర్పాటు అవసరమే, కానీ చప్పుడే పుట్టని పద్ధతికి అంతకన్నా ఎక్కువ శ్రద్ధ దక్కాలని మేము భావిస్తున్నాం.

అటువంటి పద్ధతి కొత్తగా కనిపెట్టవలసినది కాదు. ఉక్కు కడ్డీకి మరచుట్టు పలకను అమర్చి, తిప్పుతూ నేలలోకి దించే స్క్రూ పైల్‌కు, చూపు కోల్పోయిన ఐరిష్ ఇంజినీరు అలెగ్జాండర్ మిచెల్ 1833లోనే పేటెంట్ పొందారు. థేమ్స్ ముఖద్వారంలో, మామూలు పునాది నిలవని మాప్లిన్ ఇసుక తిన్నెలపై, 1838లో ఆయన పైల్స్ దించారు. వాటిమీద లేచిన దీపస్తంభం 1841లో వెలిగింది. నేలమీద విద్యుత్ స్తంభాలకు, సౌర ఫలకాలకు, చిన్న కట్టడాలకు ఈ పైల్స్ నేటికీ మామూలుగా వాడుతున్నారు.

వీటి అసలు బలం లాగుడును తట్టుకోవడంలో ఉంది. టర్బైన్‌ను మోసే, ఉక్కు గొట్టాలతో అల్లిన నాలుగు కాళ్ల జాకెట్ కట్టడాన్ని గాలి ఒక పక్కకు తోసినప్పుడు అవతలి కాళ్లు నేలలోకి నొక్కుకుపోతే, గాలి వచ్చే వైపు కాళ్లు పైకి లేవజూస్తాయి. నునుపైన పైల్ అప్పుడు పక్కల ఒరిపిడి మీదే ఆధారపడుతుంది. స్క్రూ పైల్ విషయంలో పలకమీది మట్టి అంతా బరువై, అడ్డై నిలుస్తుంది. తేలే టర్బైన్ల లంగరు తాళ్లకూ ఈ గుణమే కావాలి.

అయితే కష్టం ఎక్కడుందో దాచడం మాకు ఇష్టం లేదు. నేలమీది పైల్స్ కంటే ఎన్నో రెట్లు పెద్దవైన వాటిని తిప్పడానికి, వాడుకలో ఉన్న యంత్రాలు ఇవ్వలేనంత టార్క్, అంటే తిప్పే బలం, కావాలి. తిప్పడం ఒక్కటే చాలదు, పైనుంచి నొక్కాలి కూడా. నీటిపై తేలే నౌక ఆ ఒత్తిడిని ఎలా ఇవ్వగలదు? ఒక పూర్తి చుట్టుకు మరచుట్టు ఎత్తు ఎంతో అంతే లోతు దిగాలన్నది నేలమీది పనుల్లో స్థిరపడిన నియమం. అంతకన్నా నిదానంగా దించితే పలకే పైల్‌ను కిందికి లాక్కుంటుందని, ఇసుకలో లాగుడును తట్టుకునే శక్తి సైతం మెరుగుపడవచ్చని స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకుల సెంట్రిఫ్యూజ్ ప్రయోగాలు (పెట్టెలోని చిన్న నమూనాను గిరగిరా తిప్పి, నేల లోతుల్లోని ఒత్తిడిని కల్పించేవి), కంప్యూటర్ నమూనాలు సూచించాయి. పాత నియమాన్ని తలకిందులు చేసే ఈ ఫలితం మాకు ఎంతో ఆశ కలిగిస్తోంది. కానీ పలక దిగేటప్పుడు చెదిరిన మట్టి, పాతికేళ్లపాటు అలల కుదుపులకు, గాలి ఊపుకు ఎలా స్పందిస్తుందో నమూనా పెట్టె పూర్తిగా చెప్పలేదు. పెద్ద బండరాళ్లున్న అడుగునేలకు ఈ పద్ధతి ఎలాగూ తగదు.

కాబట్టి, సముద్రపు గాలి విద్యుత్తుకు పెద్ద లక్ష్యాలు పెట్టుకున్న ప్రభుత్వాలు పూర్తి పరిమాణపు స్క్రూ పైల్స్‌ను ఇసుకలోనూ, బంకమట్టిలోనూ దించి చూసే ప్రయోగాలకు ప్రజాధనం కేటాయించాలని మేము కోరుతున్నాం. తొలి ప్రయోగపు నష్టభయాన్ని ఒక్క గుత్తేదారు నెత్తిన వేస్తే ఎవరూ ముందుకు రారు; వచ్చినా, దొరికిన కొలతలను గుప్పిట పెట్టుకుంటారు. టార్క్, ఒత్తిడి, దిగిన లోతు, తుపానుల్లో పైల్ కదలిక నమోదయిన ప్రతి వివరం అందరికీ అందుబాటులో ఉండాలన్న షరతుతోనే డబ్బు ఇవ్వాలి. గడువు తీరిన పైల్‌ను ఎదురు తిప్పి బయటికి తీయవచ్చన్న మాటనూ, కొన్నేళ్లు నీటిలో ఉంచిన పైల్స్‌పై అదే ప్రయోగంలో పరీక్షించాలి.