ఎగరమంటే కూసే ఫ్లైట్ కంట్రోలర్ గారికి

మహారాజశ్రీ ఫ్లైట్ కంట్రోలర్ గారి దివ్య సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అనే మొదలుపెడదామని కూర్చున్నాను. కానీ నిన్న సాయంత్రం తర్వాత కుశలం తమరి వైపే మిగిలింది. డ్రోన్ మోటార్లను నడిపే చిన్న సర్క్యూట్ పలక అయిన తమరు, రబ్బరు గ్రోమెట్లనే మెత్తల మీద చెక్కుచెదరకుండా ఉన్నారు. నా బుర్రే పనిచేయడం లేదు.

నిన్న గాలి లేదు. సొంతంగా కట్టుకున్న క్వాడ్ (నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్) మీద చెయ్యి తిప్పుకోవడం నేర్చుకునేవాళ్లకు ఈ మూడు ముక్కలు చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. మైదానం ఖాళీగా ఉంది. పొద్దు ఇంకా వాలలేదు. బ్యాటరీలన్నీ సెల్లుకు 4.2 వోల్టుల దాకా నిండి ఉన్నాయి. గడ్డి తక్కువగా ఉన్న చోటు వెతికి, తమరిని అక్కడ కూర్చోబెట్టి, పది అడుగులు వెనక్కి నడిచి, మోటార్ల వేగం పెంచే స్టిక్, అంటే థ్రాటిల్, కిందికి లాగి, మోటార్లు తిరగడానికి అనుమతి అడిగే ఆర్మ్ స్విచ్ వేశాను. మోటార్లు కదల్లేదు. తమరు మాత్రం కూశారు.

ముందు గబగబా అయిదు పొట్టి కూతలు. తర్వాత ఒక పొడుగు. తర్వాత మూడు పొట్టివి.

మొదటి అయిదూ లెక్కలోకి రావట. అవి 'ఒరే, ఇటు చూడు' అని పిలవడానికి. ఆ తర్వాత పొడుగు కూతకు అయిదు, పొట్టి కూతకు ఒకటి చొప్పున కూడుకోవాలి. వచ్చిన అంకెను పట్టికలో వెతుక్కోవాలి. తమరిలో నడిచే ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారితే ఆ పట్టికలో అంకెలు కూడా అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి, ముందు తమరి వెర్షన్ ఏదో గుర్తు తెచ్చుకోవాలి. ఇదంతా మైదానం మధ్యలో, మెడలో ట్రాన్స్‌మిటర్ అనే కంట్రోల్ పెట్టె వేలాడుతుండగా, వేళ్లు మడుస్తూ చెయ్యాలి. మూడో పొట్టి కూత దగ్గర ఎక్కడి నుంచో కుక్క మొరిగింది. లెక్క మళ్లీ మొదటికొచ్చింది. స్విచ్ దించి, మళ్లీ వేసి, మళ్లీ విన్నాను.

చూడ్డానికి వచ్చిన పిల్లాడు కాసేపు ఓపిక పట్టి, "అంకుల్, ఇది ఎగిరేదా, కూసేదా?" అన్నాడు. ఆ పిల్లాడికి నేనేం జవాబు చెప్పాలో తమరే సెలవివ్వండి.

తమరు ఎగరననడానికి ఎన్ని కారణాలున్నాయో నాకు తెలియనిది కాదు. బ్యాటరీ తగిలించగానే, కదలికను పసిగట్టే జైరో నిలకడగా ఉండాలి, కాస్త కదిలినా వద్దు. బండి 25 డిగ్రీల కన్నా ఎక్కువ వాలి ఉంటే వద్దు. రిసీవర్‌కు సిగ్నల్ అందకపోతే వద్దు. అసలు కారణం తీరిపోయినా సరే, ఆర్మ్ స్విచ్ అప్పటికే పైకి ఉంటే అది ఇంకో కారణం. దాన్ని కిందికి దించి, మర్యాదగా మళ్లీ పైకి వేసి అడగాలి. ఇవన్నీ ఒప్పుకుంటాను. నేను అడిగేది ఒక్కటే. వద్దన్నప్పుడు ఎందుకు వద్దో మాటల్లో చెప్పవచ్చు కదా?

చెబుతారు. కంప్యూటర్‌కు తగిలిస్తే తెర మీద అక్షరాల్లోనే చెబుతారు. మరి కంప్యూటర్ మైదానంలో ఉండదు కదా! పోనీ ఇంటికి పరుగెత్తి కేబుల్ తగిలించాను. తెర మీద కారణాల వరుస కనబడింది. ఆ వరుసలో, తమరు కంప్యూటర్‌కు తగిలించి ఉన్నారన్నది కూడా ఒక కారణమే. అంటే ఎందుకు ఎగరరో తెలుసుకోవాలంటే కేబుల్ తగిలించాలి, కేబుల్ తగిలిస్తే అందుకే ఎగరరు. ఏ ఫారం కావాలో తెలియాలంటే ముందు ఆ ఫారమే నింపి తెమ్మనే కౌంటర్ ముందు నిలబడ్డట్టయింది నా పని.

కళ్లకు వీడియో అద్దాలు కట్టుకుని, బండి కెమెరా చూపేది చూస్తూ ఎగరేసేవాళ్లకు మాత్రం తమరు ఆ కారణాన్ని కళ్ల ముందే అక్షరాల్లో చూపిస్తారు. ప్రాక్టీసు బండికి కెమెరా ఎందుకులే అనుకున్న మాబోటి వాళ్లకు కూతలు చాలన్నమాట!

ఇక అసలు కారణం. అంకె ఎనిమిది, అంటే థ్రాటిల్. థ్రాటిల్ పూర్తిగా కిందికి లేదని తమరి అభ్యంతరం. నేనేమో స్టిక్‌ను విరిగిపోతుందేమో అన్నంతగా కిందికి అదిమిపట్టి నిలబడ్డాను. తెర మీద చూస్తే 1053. తమరికి కావలసింది 1050 లోపు. స్టిక్ పైకి పోతే 2000 దాకా వెళ్లే కొలతలో నేను మూడు పాయింట్లు ఎక్కువయ్యాను. స్టిక్ ఎక్కడుందో కొలిచే పొటెన్షియోమీటర్ కాస్త అరిగింది, అంతే. ముందు రోజు రాత్రి బల్ల మీద, ప్రొపెల్లర్లు తీసేసి పరీక్షించినప్పుడు ఇదే స్టిక్‌కు ఇదే తమరు కిక్కురుమనకుండా మోటార్లు తిప్పారు. నలుగురు చూసే చోటికి వెళ్లేసరికి మూడు పాయింట్లు గుర్తొచ్చాయి.

మూడు పాయింట్లండీ! అరచేతిలో చెమట పడితే వచ్చే తేడా అది. ఆ మూడింటి కోసం ఒక సాయంత్రం పోయింది. పోయింది సాయంత్రం ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాణ్ని. నిండా ఛార్జ్ చేసిన లిథియం పాలిమర్ బ్యాటరీలను అలాగే రోజుల తరబడి ఉంచకూడదు, ఉబ్బుతాయి. కాబట్టి ఎగరని బండి కోసం మధ్యాహ్నమంతా ఎక్కించిన కరెంటును, రాత్రంతా కూర్చుని సెల్లుకు 3.8 వోల్టుల దాకా దింపాను. ఛార్జర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఇంట్లో ఒకరు వచ్చి, "ఈరోజు బాగా ఎగిరిందా?" అని అడిగి వెళ్లారు.

బండిలో మిగతావాళ్లను చూసైనా నేర్చుకోకూడదా? చేతులు చెక్క బద్దలు. కింద పడితే ఒకటి విరుగుతుంది, ఇంకొకటి కోసుకుని రంధ్రాలు పొడిచి బిగిస్తాను, కూత లేదు, కోపం లేదు. జిప్ టైలు తెగుతాయి, మారుస్తాను. ప్రొపెల్లర్ల గురించి చెప్పనక్కర్లేదు, చచ్చిపోవడానికే పుట్టాయి పాపం. ప్రొపెల్లర్ నట్టు మాత్రం గడ్డిలో పడితే దొరకదు, దానితో నా గొడవ వేరే ఉంది. వీళ్లంతా నా చేత్తో నేను కట్టినవాళ్లు. కొని తెచ్చింది తమరినొక్కరినే. ఆ దర్పం చూపిస్తున్నట్టున్నారు.

ఇంక ఈ తమరూ గిమరూ నావల్ల కాదు. ఒరే, నీకు రబ్బరు గ్రోమెట్లు వేసింది ఎవడు? మోటార్ల వణుకు నీ జైరోకు తగలకూడదని నాలుగు మూలలా ఒకటొకటిగా ఎక్కించింది ఎవడు? నిన్న నా మీద కూసిన ఆ బజర్‌ను, రెండు వెంట్రుకల్లాంటి తీగలతో, కళ్లు మండేలా పొగ పీలుస్తూ అతికించింది ఎవడు? బజర్ లేకుండా వదిలేసి ఉంటే అసలు నోరే ఉండేది కాదు నీకు. గడ్డిలో పడినప్పుడు వెతుక్కోవడానికి పెట్టాను రా దాన్ని, నామీద ఫిర్యాదులు చేసుకోవడానికి కాదు.

సరే, న్యాయంగా మాట్లాడితే, థ్రాటిల్ విషయంలో నువ్వు పట్టుబట్టడం తప్పని అనను. 2300 కేవీ మోటారు, అంటే వోల్టుకు నిమిషానికి 2300 చుట్లు తిరిగేది, 14.8 వోల్టుల మీద, ప్రొపెల్లర్ లేకపోతే, నిమిషానికి 34 వేల చుట్లు తిరగాలని లెక్క చెబుతుంది. ప్రొపెల్లర్ తగిలిస్తే ఆ వేగం తగ్గుతుంది కానీ, వేళ్లు కొయ్యడానికి ఆ మిగిలింది చాలు. స్విచ్ వేసీ వెయ్యగానే బండి మీదికి దూకకూడదన్న నీ పంతం నా వేళ్ల మీద ప్రేమే. ప్రొపెల్లర్లు తారుమారై బండి బోర్లా పడబోతుంటే, కొందరి దగ్గర నువ్వే మోటార్లు ఆపేసి కాపాడావని కూడా విన్నాను.

నీ పని ఎంత పెద్దదో తెలియాలంటే 1907కి పోవాలి. ఫ్రాన్సులో బ్రెగే సోదరులు నాలుగు రోటర్లతో కట్టిన జైరోప్లేన్ మనిషిని ఎత్తుకుని అడుగో రెండడుగులో లేచింది. అది పక్కకు ఒరగకుండా నాలుగు మూలలా నలుగురు మనుషులు పట్టుకుని నిలబడ్డారు. 1924లో ఎతియెన్ ఎమిషెన్ కిలోమీటరు చుట్టు తిరిగి వచ్చాడు కానీ, నాలుగు రోటర్లకు తోడు మరో ఎనిమిది చిన్న ప్రొపెల్లర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. నువ్వు అగ్గిపెట్టెలో పట్టే పలక. సెకనుకు వేలసార్లు జైరోను అడిగి, ఏ మోటారుకు ఎంత ఇవ్వాలో తేలుస్తావు. ఆ నలుగురు మనుషుల పనీ నువ్వొక్కడివే చేస్తావు. బండి ముక్కు నా వైపు తిరిగి ఎడమ కుడి, కుడి ఎడమ అయిపోయి నేను స్టిక్ తప్పు వైపు లాగినా, కిందపడే దాకా నీ వంతు నువ్వు సరిగ్గానే చేస్తావు. అందుకే గోడకేసి కొట్టలేదు.

కాబట్టి మన ఒప్పందం ఇది. స్టిక్ అడుగు కొలతను ట్రాన్స్‌మిటర్‌లోనే సరిచేశాను, ఇప్పుడు 1000 చూపిస్తోంది. నీ 1050 హద్దును ముట్టుకోలేదు, ముట్టుకోను. నీ పరువు నీకుంది. ఎగరనంటే ఎగరననే అను. కానీ అక్షరాలతో అను. ఒక చిన్న తెర కొని నీ పక్కన తగిలించమన్నా తగిలిస్తాను. అది కూడా నేనే అతికించాలిగా, అతికిస్తాను. ఈలోగా ఆ కూతల పట్టిక మాత్రం, నీ వెర్షన్‌దే, ట్రాన్స్‌మిటర్ వెనకాల టేపుతో అంటించుకున్నాను.

ఇట్లు,
థ్రాటిల్ పూర్తిగా కిందికి దించి, స్విచ్ కిందికి వేసి, కేబుల్ పీకేసి, బల్లపరుపుగా ఉన్న నేల మీద కదలకుండా కూర్చుని రాసిన
నీ పైలట్