పుస్తకంలో లేని ఆట: మిషిగన్–ఒహాయో స్టేట్ లెక్కలో ఒకటి ఎందుకు తగ్గింది?

మిషిగన్, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాల అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల ముఖాముఖి రికార్డు 2025 సీజన్ ముగిసేనాటికి 62–52–6 అని అధికారిక పట్టికలు చెబుతున్నాయి. మిషిగన్ గెలిచినవి 62, ఒహాయో స్టేట్ గెలిచినవి 52, ఎటూ తేలకుండా ముగిసినవి 6, కూడితే 120. కానీ 1897లో మొదలైన ఈ పోరులో రెండు జట్లూ మైదానంలో తలపడింది 121 సార్లు. లెక్కకు అందని ఆ ఒక్క ఆట 2010 నవంబరు 27న ఒహాయో స్టేట్ సొంత ఊరు కొలంబస్‌లో లక్షమందికి పైగా ప్రేక్షకుల ఎదుట జరిగింది, దేశమంతా టీవీలో చూసింది, ఒహాయో స్టేట్ 37–7తో గెలిచింది. ఆ గెలుపును రికార్డు పుస్తకంలోంచి తీసేయడం తప్పని, దాన్ని తిరిగి చేర్చి లెక్కను 62–53–6గా రాయాలని, ఇకమీదట ఏ జట్టు విషయంలోనూ జరిగిన ఆటను జరగనట్టు చూపే శిక్షను వాడకూడదని నా వాదన.

ఈ పోరు సంగతి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కొలంబస్ పక్కనున్న డబ్లిన్‌లోనో, డెట్రాయిట్ శివారు నోవైలోనో ఉంటున్నవారికి థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం అంటే ఏమిటో బాగా తెలుసు. ఆ వారమంతా ఒహాయో స్టేట్ ప్రాంగణంలో బోర్డుల మీద కనిపించే ‘ఎం’ అక్షరాల మీద ఎర్ర టేపు అడ్డంగా అతికిస్తారు. ప్రత్యర్థి పేరులోని మొదటి అక్షరం కంట పడకూడదట. ఆట ముగిశాక ఆ టేపు ఊడొస్తుంది, అక్షరాలు ఎక్కడివక్కడే ఉంటాయి. రికార్డు పుస్తకంలో 2010 మీద అతికించిన టేపు మాత్రం ఇన్నేళ్లయినా ఊడలేదు.

అసలు నేరం ఏమిటో గుర్తుచేసుకోవాలి. 1934లో ఒహాయో స్టేట్ శిక్షకుడిగా వచ్చిన ఫ్రాన్సిస్ ష్మిట్, మిషిగన్ వాళ్లు కూడా మనలాగే ఒక్కో కాలూ దూర్చి ప్యాంటు తొడుక్కునే మనుషులేనని తన జట్టుకు ధైర్యం చెప్పాడట. అప్పటి నుంచి మిషిగన్ మీద గెలిచిన ప్రతిసారీ ఆటగాళ్లకు ప్యాంటు ఆకారంలో చిన్న బంగారు లాకెట్ ఇవ్వడం ఆనవాయితీ అయింది. దాని మీద ఆటగాడి పేరులోని పొడి అక్షరాలు, ఆట తేదీ, స్కోరు చెక్కుతారు. 2010 డిసెంబరులో బయటపడిన వ్యవహారంలో, పాస్‌లు విసిరి దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ టెరెల్ ప్రయర్ సహా ఐదుగురు ఆటగాళ్లు ఇలాంటి లాకెట్లు, ఛాంపియన్‌షిప్ ఉంగరాలు, జెర్సీలు కొలంబస్‌లోని ఒక పచ్చబొట్ల దుకాణం యజమానికి అమ్మి, బదులుగా డబ్బో పచ్చబొట్లో పుచ్చుకున్నారని తేలింది. మిషిగన్ మీద గెలిచినందుకు దక్కిన లాకెట్‌ను అమ్ముకున్నందుకు మిషిగన్ మీద సాధించిన మరో గెలుపు పోయిందన్నమాట. కళాశాల క్రీడాకారుడు తన ఆటతో వచ్చిన పేరును, వస్తువును సొమ్ము చేసుకోకూడదన్నది నాటి నియమం. ఈ సంగతి తెలిసీ దాచిపెట్టిన శిక్షకుడు జిమ్ ట్రెసెల్ 2011 మే 30న రాజీనామా చేశాడు. ఆయన దాచడాన్ని నేను సమర్థించడం లేదు; పదవి పోవడం సబబే.

ఆ తర్వాత జరిగిందే అసలు విడ్డూరం. ఆ ఐదుగురి వ్యవహారం డిసెంబరులోనే తేలింది కదా, సీజన్ ముగిశాక ఎంపికైన జట్ల మధ్య జరిగే ‘బౌల్’ ఆటల్లో ఒకటైన, జనవరి 4న జరగాల్సిన షుగర్ బౌల్‌లో వాళ్లను పక్కన పెట్టారా అంటే లేదు. కళాశాల క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ వారిమీద వేసిన ఐదు ఆటల నిషేధాన్ని వచ్చే సీజన్‌కు వాయిదా వేసి, ఆ పెద్ద ఆట ఆడనిచ్చింది. ఆర్కాన్సాస్‌తో జరిగిన ఆ ఆటలో చివరి నిమిషంలో ప్రత్యర్థి పాస్‌ను అడ్డుకుని పట్టుకుని 31–26 గెలుపును ఖాయం చేసిన సాలమన్ థామస్ ఆ ఐదుగురిలో ఒకడు. టిక్కెట్లు అమ్ముడుపోయాయి, ప్రసార హక్కుల సొమ్ము చేతికొచ్చింది, సంబరాలు అయ్యాయి. ఆ మీదట 2011 జులైలో విశ్వవిద్యాలయమే ముందుకొచ్చి ఆ సీజన్ గెలుపులన్నిటినీ వదులుకుంటున్నామని ప్రకటించింది. ఎందుకు ముందుకొచ్చింది? ఆ శిక్ష వల్ల ఒక్క డాలరూ పోదు, ఒక్క ఉద్యోగమూ పోదు, వచ్చే ఏడాది జట్టుకు ఒక్క ఆటగాడూ తగ్గడు కాబట్టి. పశ్చాత్తాపం చూపించుకోవడానికి అంతకంటే చవకైన మార్గం మరొకటి లేదు. ఎన్‌సీఏఏకు కూడా అది చాలదనిపించే 2012 సీజన్‌కు బౌల్ నిషేధం విధించింది. ఆ ఏడాది 12–0తో అజేయంగా నిలిచిన జట్టు ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. ఆ దెబ్బ తగిలింది నేరంతో సంబంధం లేని కుర్రాళ్లకే అయినా, కనీసం అది దెబ్బే.

లెక్క రాసే పద్ధతి చూస్తే ఈ శిక్షలోని డొల్లతనం ఇంకా తేటపడుతుంది. ఎన్‌సీఏఏ నియమాల్లో గెలుపును ప్రత్యర్థికి అప్పగించడం వేరు, రద్దు చేయడం వేరు. అప్పగిస్తే ఓడినవారికి ఆ గెలుపు దక్కుతుంది; రద్దు చేస్తే గెలిచినవారి ఖాతాలో గెలుపు పోతుంది గాని ఓడినవారి ఖాతాలో ఓటమి అలాగే ఉంటుంది. అందుచేత మిషిగన్ 2010 సీజన్ రికార్డు నేటికీ 7–6. ఆ ఆరు ఓటముల్లో కొలంబస్‌లో తిన్న దెబ్బ కూడా ఒకటి. ఎవరి చేతిలో ఓడింది? పుస్తకం ప్రకారం ఎవరి చేతిలోనూ కాదు. ఒకే సీజన్‌లో పాస్‌లతో 1,500 గజాలు, పరుగుతో 1,500 గజాలు దాటిన తొలి ఆటగాడిగా మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ డెనార్డ్ రాబిన్సన్ ఆ ఏడాది నెలకొల్పిన రికార్డులో ఈ ఆటలోని గజాలు కూడా కలిసే ఉన్నాయి. ఇక ఒహాయో స్టేట్ పరిస్థితి మరీ తమాషా: పదమూడు ఆటల్లో పన్నెండు గెలిచిన ఆ జట్టు అధికారిక రికార్డు 0–1. విస్కాన్సిన్ చేతిలో ఓడిన ఆట ఒక్కటే జరిగినట్టు, మిగతా పన్నెండు రోజులూ స్టేడియం తలుపులు తెరవనట్టు. 2004 నుంచి వరుసగా ఏడుసార్లు మిషిగన్‌ను ఓడించిన చరిత్ర ఆరుకు కుదించుకుపోయింది. మిషిగన్ మీద ట్రెసెల్ గెలుపోటముల లెక్క 9–1 కాస్తా 8–1 అయింది.

రికార్డు పుస్తకంలో స్వచ్ఛమైన ఆటలే ఉండాలంటే ముందుగా ఎవరి గెలుపులు గల్లంతవుతాయో చూద్దాం. 1897 నుంచి 1918 వరకు జరిగిన పదిహేను ఆటల్లో మిషిగన్ పదమూడు గెలిచింది, రెండు సమానంగా ముగిశాయి, ఒహాయో స్టేట్ ఒక్కటీ గెలవలేదు. 1902లో స్కోరు 86–0. బంతిని ప్రత్యర్థి గీత దాటిస్తే వచ్చే టచ్‌డౌన్‌కు ఐదు పాయింట్లే ఇచ్చే రోజులవి, ముందుకు పాస్ విసరడానికి నియమాలు ఒప్పుకోని రోజులు. ఎవరు విద్యార్థి, ఎవరు ఆట కోసమే చేర్చుకున్న మనిషి అన్నది మధ్య పశ్చిమ కళాశాలలన్నిటిలో గజిబిజిగా ఉన్న రోజులు. ఆ గజిబిజి ఎంత ముదిరిందంటే 1906లో మిషిగన్ అధ్యక్షుడు జేమ్స్ ఏంజెల్ స్వయంగా సమావేశం పెట్టి, ఆటగాడు మూడేళ్లకు మించి ఆడకూడదన్న నియమం తెచ్చేదాకా వచ్చింది. అది అప్పటికే ఆడుతున్నవారికీ వర్తించడం మింగుడుపడక మిషిగన్ ఆ కళాశాలల క్రీడా సమాఖ్యలోంచే వెళ్లిపోయింది, దశాబ్దం తర్వాత గాని తిరిగి రాలేదు. ఈ కాలపు గెలుపులను నేటి కొలబద్దతో పరీక్షించమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. ఆ పదిహేనూ పక్కన పెడితే 1919 నుంచి మైదానంలో తేలిన లెక్క ఒహాయో స్టేట్‌కు 53, మిషిగన్‌కు 49, సమానం 4. అంటే ‘మేమే పైచేయి’ అని మిషిగన్ అభిమానులు చూపించే ఆధిక్యమంతా తొలి ఇరవై ఏళ్ల సంపాదనే. అయినా దాన్ని పుస్తకం గౌరవంగా దాచింది. దాచాలి కూడా, ఎందుకంటే ఆ ఆటలు జరిగాయి.

జరిగినవాటిలో న్యాయమైనవీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. 1950లో మంచుతుపానులో ఒక్క ఫస్ట్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో పది గజాల ముందడుగు) కూడా సాధించకుండా మిషిగన్ 9–3తో గెలిచింది; ఆ రోజు రెండు జట్లూ కలిసి 45 సార్లు బంతిని దూరంగా తన్ని వదిలించుకున్నాయి. 1973లో 10–10తో సమానంగా ముగిశాక, రోజ్ బౌల్‌కు ఎవరు వెళ్లాలో సమాఖ్యలోని క్రీడా డైరెక్టర్లు ఓటు వేసి ఒహాయో స్టేట్‌ను పంపారు. మిషిగన్ శిక్షకుడు బో షెంబెక్లర్ ఆ అన్యాయాన్ని జీవితాంతం మరచిపోలేదు. పుస్తకంలో అవి 9–3గానే, 10–10గానే ఉన్నాయి.

మోసం చేసి గెలిచినవాడికి గెలుపు మిగల్చడం నిజాయితీగా ఆడినవాడిని అవమానించడం కాదా అన్న ప్రశ్న తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఒలింపిక్స్‌లో మాదకద్రవ్యాలు వాడినవారి పతకాలు వెనక్కి తీసుకోవడాన్ని మనం హర్షిస్తాం. అయితే అక్కడ ఆ పతకం తర్వాతి స్థానంలో ఉన్నవాడి మెడలోకి వెళుతుంది, న్యాయం ఒకరికి అందుతుంది. ఇక్కడ మిషిగన్‌కు అందినదేమీ లేదు. పైగా పచ్చబొట్టు పొడిపించుకోవడం వల్ల ఎవరి పరుగూ వేగం పెరగదు. ఆ 37–7లో ఒక్క పాయింటు కూడా ఆ దుకాణం నుంచి రాలేదు.

దీనికి పూర్తి విరుద్ధమైన సందర్భం తర్వాత వచ్చింది. ప్రత్యర్థుల ఆటలకు మనుషులను పంపి వారి సైగలను చిత్రీకరించిన వ్యవహారంలో 2023లో మిషిగన్ పట్టుబడింది. నియమిత సీజన్ చివరి మూడు ఆటలకు శిక్షకుడు జిమ్ హార్బా సస్పెండయ్యాడు, ఆయన లేకుండానే జట్టు ఒహాయో స్టేట్‌ను 30–24తో ఓడించింది. ఈ నేరం నేరుగా ఆటకు సంబంధించినది. ఎదుటివాడు ఏ ఎత్తు వేయబోతున్నాడో ముందే తెలుసుకోవడం. 2025 ఆగస్టులో ఎన్‌సీఏఏ కోట్ల డాలర్ల జరిమానా విధించింది గాని ఒక్క గెలుపునూ చెరపలేదు. ఒహాయో స్టేట్ అభిమానులు దీన్ని చూసి రగిలిపోయారు, 2021, 2022, 2023 గెలుపులు మూడూ తీసేయాలన్నారు. నా అభిప్రాయం వారికి నచ్చకపోవచ్చు: 2025లో ఎన్‌సీఏఏ చేసిందే సరైనది, 2011లో జరిగిందే తప్పు. జరిమానా వేశారు, మనుషులను ఆటకు దూరం పెట్టారు, ఆటను మాత్రం ఆటగానే ఉంచారు.

పెన్ స్టేట్ ఉదంతం చూస్తే ఈ చెరిపివేత బేరసారాల సరుకు అని రుజువవుతుంది. పిల్లలపై లైంగిక దాడుల కేసులో 2012 జులైలో ఎన్‌సీఏఏ ఆ జట్టు 1998–2011 మధ్య సాధించిన 112 గెలుపులను రద్దు చేసింది. అందులో శిక్షకుడు జో పటెర్నోవి 111. కోర్టు వివాదం పరిష్కారంలో భాగంగా 2015 జనవరిలో వాటన్నిటినీ తిరిగి ఇచ్చేసింది, పటెర్నో సంఖ్య మళ్లీ 409 అయింది. రెండున్నరేళ్లలో చరిత్ర ఒకసారి పోయి ఒకసారి వచ్చింది. బాధితులకు దానివల్ల ఒరిగినదేమిటి? అంతటి ఘోరానికి జవాబుగా ఫుట్‌బాల్ స్కోర్లు సవరించాలన్న ఆలోచన రావడమే ఆ సంస్థ దృష్టిలో ఏది ముఖ్యమో చెబుతుంది.

మన క్రికెట్‌ను ఎన్ని తిట్టినా ఈ ఒక్క విషయంలో అది తెలివిగా ప్రవర్తించింది. 2000 జనవరిలో సెంచూరియన్ టెస్టులో బుకీ దగ్గర లెదర్ జాకెట్టు, డబ్బు పుచ్చుకుని హాన్సీ క్రోన్యే ఇన్నింగ్స్‌ను వదిలేసిన సంగతి ప్రపంచానికంతా తెలుసు. ఇంగ్లండ్ రెండు వికెట్ల తేడాతో గెలిచిందన్న ఫలితం రికార్డుల్లో ఇప్పటికీ అలాగే ఉంది, దాని వెనక కథ కూడా అందరికీ తెలిసే ఉంది. మన హైదరాబాద్ అజరుద్దీన్ మీద అదే ఏడాది బీసీసీఐ జీవితకాల నిషేధం విధించింది. ఆయన 99 టెస్టులను, 22 సెంచరీలను ఎవరూ తుడిచేయలేదు. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు ఇచ్చినప్పుడు, ఎత్తేయాల్సింది నిషేధమే గాని తిరిగి అతికించాల్సిన అంకెలంటూ ఏమీ లేకపోయాయి.

అమెరికా కళాశాలల క్రీడల్లో అసలు జబ్బు వేరే ఉంది. మిషిగన్ స్టేడియంలో 1,07,601 మంది, ఒహాయో స్టేడియంలో 1,02,780 మంది పడతారు. శిక్షకుల జీతాలు ఆ రాష్ట్రాల గవర్నర్ల జీతాలకు ఎన్నో రెట్లు. ఆ వ్యాపారమంతా ఎవరి ఒళ్లు హూనం చేసి నడిచిందో ఆ కుర్రాళ్లకు మాత్రం దశాబ్దాలపాటు చదువు, బస, తిండి మించి ఏమీ ముట్టకూడదన్నారు. ఆ కట్టుబాటును కాపాడుకోవడానికే 2010 సీజన్‌ను బలిచ్చారు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరును, బొమ్మను అమ్ముకోవచ్చన్నారు. 2024 సీజన్‌కు ముందు ఒహాయో స్టేట్ ఆటగాళ్లకు ఆ దారిలో సుమారు రెండు కోట్ల డాలర్లు అందినట్టు ఆ విశ్వవిద్యాలయ క్రీడా డైరెక్టరే చెప్పాడు. ఆ జట్టు మిషిగన్ చేతిలో 13–10తో ఓడి, అయినా జాతీయ ఛాంపియన్‌గా నిలిచింది. 2025 ఏప్రిల్‌లో వైట్‌హౌస్ సన్మానంలో ఆ ట్రోఫీని ఎత్తబోయి దాని అడుగు దిమ్మను జారవిడిచిన ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్, మన ఉషా చిలుకూరి భర్త, ఒహాయో స్టేట్ పూర్వ విద్యార్థే. ఆయన ఖాళీ చేసిన సెనేట్ స్థానంలోకి ఒహాయో లెఫ్టినెంట్ గవర్నర్ వెళ్లగా, ఆ పదవిలో 2025 ఫిబ్రవరిలో కూర్చున్నది మరెవరో కాదు, జిమ్ ట్రెసెల్. రాజీనామా చేసిన శిక్షకుడికి రాష్ట్రం రెండో పెద్ద పదవి ఇచ్చింది. 2021లోనే తమ రికార్డులు తిరిగి ఇమ్మని కోరిన ఆ ఐదుగురికి మాత్రం ఎన్‌సీఏఏ నుంచి ఏమీ దక్కలేదు.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. పెన్ స్టేట్‌కు 112 గెలుపులు తిరిగి ఇవ్వగలిగిన సంస్థ ఒహాయో స్టేట్‌కు పన్నెండు ఇవ్వలేకపోవడానికి నియమాల్లో అడ్డేమీ లేదు. అక్కడ కోర్టు ఒత్తిడి ఉంది, ఇక్కడ లేదు, అంతే తేడా. విశ్వవిద్యాలయం తానే వదులుకున్న సీజన్‌ను తానే అడగాలి. ఏ ఆటగాడి అర్హత విషయంలో ఏ తప్పు జరిగిందో ఆ పేజీ కిందే రెండు వాక్యాల్లో రాయొచ్చు. 2026లో ఆట మళ్లీ కొలంబస్‌లోనే ఉంది. ఆలోపు ఆ పని పూర్తి చేయడానికి ఒక ఉత్తరం, ఒక సంతకం చాలు.