ఏడు ఉంగరాల లెక్క

2002 ఫిబ్రవరి 3, న్యూ ఆర్లీన్స్. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ముగియడానికి 81 సెకన్లు ఉంది. స్కోరు 17-17. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ చేతికి బంతి వచ్చింది కానీ సొంత గోల్ లైన్‌కు 17 గజాల దగ్గరే ఇరుక్కుని ఉంది. టైమ్ అవుట్లు అయిపోయాయి. టీవీలో వ్యాఖ్యానం చెబుతున్న జాన్ మాడెన్, కోచ్‌గా తలపండిన మనిషి, ఇప్పుడు రిస్కు తీసుకోవడం తప్పు, ఓవర్‌టైమ్‌కు పోవడమే మేలన్నారు. పేట్రియాట్స్ దాడిని నడిపే ఇరవై నాలుగేళ్ల టామ్ బ్రాడీ వరసగా చిన్న చిన్న పాస్‌లు విసిరి జట్టును ముందుకు నడిపాడు. ఆఖరి క్షణాల్లో ఆడమ్ వినాటియెరి 48 గజాల నుంచి బంతిని గోల్ కడ్డీల మధ్యకు తన్ని, మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ కొట్టాడు. 20-17. సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ప్రతి ఒక్కరికీ ఉంగరం చేయించి ఇస్తారు. బ్రాడీకి అదే మొదటిది.

ఆ రాత్రి మొత్తం మీద బ్రాడీ పాస్‌లు తెచ్చింది 145 గజాలు, ఒక టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల గోల్ లైన్ దాటించడం). అప్పట్లో లీగ్‌లోకెల్లా భయంకరమైన దాడి ఉన్న సెయింట్ లూయిస్ రామ్స్‌ను ఊపిరి ఆడనివ్వకుండా చేసింది పేట్రియాట్స్ డిఫెన్స్. మూడుసార్లు బంతి లాక్కుంది. అందులో ఒకదాన్ని టై లా నేరుగా టచ్‌డౌన్‌గా మార్చాడు.

పదహారేళ్ల తర్వాత, 2018 ఫిబ్రవరిలో, మినియాపొలిస్‌లో అదే బ్రాడీ 505 గజాలు విసిరాడు. సూపర్ బౌల్‌లో అన్ని గజాలు అంతకుముందు ఎవరూ విసరలేదు. మూడు టచ్‌డౌన్లు, ఒక్క ఇంటర్‌సెప్షన్ (విసిరిన బంతిని ఎదుటివాళ్లు పట్టేయడం) కూడా లేదు. చివర్లో ఒకసారి బంతి చేజారిన మాట నిజమే. అయినా ఆ రోజు అడ్డుకోలేకపోయింది అతని డిఫెన్స్. ఫిలడెల్ఫియా ఈగల్స్ 41-33తో గెలిచింది. ఉంగరాల లెక్కలో 145 గజాల రాత్రికి ఒకటి, 505 గజాల రాత్రికి సున్న.

ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో అందరికంటే గొప్ప క్వార్టర్‌బ్యాక్ ఎవరన్న వాదన ఎక్కడ మొదలైనా, ఈ మధ్య 'ఏడు' అన్న ఒక్క మాటతో నోళ్లు మూయించడం అలవాటైంది. బ్రాడీకి ఏడు ఉంగరాలున్నాయి, అన్ని సూపర్ బౌల్స్ గెలిచిన జట్టు కూడా ఒక్కటీ లేదు కాబట్టి చర్చ అనవసరమట. మొదటి స్థానం బ్రాడీదేనని మేమూ అంటున్నాం. కానీ ఏడు ఉన్నాయి కాబట్టి కాదు.

అమెరికాలో ఫ్రిస్కోలోనో శాంటాక్లారాలోనో పెరుగుతున్న మనవాళ్ల పిల్లలకు ఈ ఆట గురించి చెప్పక్కర్లేదు. సోమవారం తెల్లవారుజామున అయిదింటికి లేచి ఇక్కడ సూపర్ బౌల్ చూసే కొద్దిమందికీ అక్కర్లేదు. మిగతావారి కోసం ఒక్క ముక్క. దాదాపు ప్రతి ఎత్తుగడలోనూ బంతి ముందు వచ్చేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. ఎదుటివాళ్లు మీదపడే లోపు రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో, అసలు విసరాలో వద్దో తేల్చుకోవాలి. అందుకే గెలిస్తే పేరూ అతనికే, ఓడితే తిట్లూ అతనికే. అయితే బంతి అవతలి జట్టు చేతికి పోగానే అతను వెళ్లి బెంచీ మీద కూర్చుంటాడు. అంటే ఆటలో సుమారు సగంసేపు అతను ప్రేక్షకుడే. అలాంటివాడికి ట్రోఫీ మొత్తం రాసిచ్చేస్తే, సచిన్ కంటే పాంటింగ్ మూడు రెట్లు గొప్ప బ్యాటర్ అనాలి. ఒకరికి ప్రపంచకప్ ఒకటి, ఇంకొకరికి మూడు కదా!

ఉంగరాల వాదన ఎంత దూరం తీసుకెళుతుందో చూడండి. మయామీ డాల్ఫిన్స్‌కు ఆడిన డాన్ మరీనో 1984లో 5,084 గజాలు, 48 టచ్‌డౌన్లు విసిరాడు. ఆనాటికి అవి నమ్మశక్యం కాని అంకెలు. అతనికి ఉంగరం లేదు. 2001 జనవరిలో బాల్టిమోర్ రేవెన్స్ డిఫెన్స్ సూపర్ బౌల్ గెలిపించినప్పుడు క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న ట్రెంట్ డిల్ఫర్‌కు ఉంది. గెలిచిన వెంటనే ఆ జట్టు అతన్ని వదిలేసుకుంది, వాళ్లకు తెలియదా ఆ ఉంగరం ఎవరి కష్టమో. పేటన్ మానింగ్ సంగతి ఇంకా వింత. 2013లో 55 టచ్‌డౌన్లు, 5,477 గజాలు విసిరి రెండు రికార్డులూ రాశాడు. ఆ ఏడాది సూపర్ బౌల్‌లో అతని డెన్వర్ 43-8తో చిత్తయింది. రెండేళ్లకు ఒళ్లు సహకరించక, సీజన్‌లో 9 టచ్‌డౌన్లకు 17 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చుకున్నాడు. ఆ ఏడాదే ఉంగరం వచ్చింది, డిఫెన్స్ పుణ్యమా అని.

పోనీ ఉంగరాలే కొలత అనుకుందాం. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కు ఆడిన ఆటో గ్రాహమ్ 1946 నుంచి పదేళ్లు ఆడి, పదేళ్లూ ఫైనల్‌కు వెళ్లి, ఏడు టైటిళ్లు గెలిచాడు. బ్రాడీకి 21 సీజన్లు పట్టింది. అప్పుడేమో, సూపర్ బౌల్ మొదలైంది 1967లో కాబట్టి అవి చెల్లవంటారు. లెక్క మనకు నచ్చినచోట మొదలుపెడితే మనకు నచ్చిన జవాబే వస్తుంది.

బొమ్మా బొరుసూ సంగతి కూడా ఉంది. 2017 ఫిబ్రవరిలో అట్లాంటా ఫాల్కన్స్ మీద 28-3తో వెనకబడి, ఓవర్‌టైమ్‌లో 34-28తో గెలిచిన మ్యాచ్‌ను ఈ ఆట అభిమానులు ఎప్పటికీ మర్చిపోరు. ఓవర్‌టైమ్‌లో టాస్ పేట్రియాట్స్ గెలిచింది, మొదటి ప్రయత్నంలోనే టచ్‌డౌన్ చేసింది, ఆట ముగిసింది. అప్పటి రూలు అది. ఆ సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైన అట్లాంటా క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయన్ చేతికి ఓవర్‌టైమ్‌లో బంతే రాలేదు. 2019 జనవరిలో కాన్సాస్ సిటీలో జరిగిన సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లోనూ అంతే, అక్కడి జట్టు క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ గట్టు మీద నిలబడి చూస్తుండగా బ్రాడీ పని ముగించాడు. 2022లో రూలు మార్చి, నాకౌట్ మ్యాచ్‌ల ఓవర్‌టైమ్‌లో రెండు జట్లకూ బంతి దక్కేలా చేశారు. ఏడు ఉంగరాల్లో రెండింటి దారిలో ఒక నాణెం కూడా ఉందన్నమాట. ఇది బ్రాడీ తప్పు కాదు, ఆ 25 పాయింట్ల లోటు పూడ్చింది నాణెం కాదు. కానీ ఉంగరాలే సర్వస్వం అనేవాళ్లు ఈ నాణేన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

మరి బ్రాడీనే ఎందుకంటున్నాం? ఒక మనిషి విలువ అతను లేనప్పుడు తెలుస్తుంది. 2008లో తొలి మ్యాచ్‌లోనే బ్రాడీ మోకాలు దెబ్బతింది. హైస్కూల్ తర్వాత ఒక్క మ్యాచ్ కూడా క్వార్టర్‌బ్యాక్‌గా మొదటినుంచి ఆడని మ్యాట్ కాసెల్‌తో పేట్రియాట్స్ 11 గెలిచి 5 ఓడింది. చూశారా, అంతా కోచ్ బిల్ బెలిచిక్ మహిమే అన్నారు. 2011లో మెడ ఆపరేషన్లతో మానింగ్ సీజన్ మొత్తం దూరమైతే, అంతకుముందు ఏడాది 10-6గా (పది గెలుపులు, ఆరు ఓటములు) ఉన్న అతని అప్పటి జట్టు ఇండియానాపొలిస్ కోల్ట్స్ 2-14కు పడిపోయింది. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి, జట్టును మోసినవాడు మానింగ్, జట్టే మోసుకొచ్చినవాడు బ్రాడీ అని చాలాకాలం వాదన నడిచింది. నిజం చెప్పాలంటే ఆ వాదనలో బలముంది. 2020 దాకా దానికి సరైన జవాబు లేదు.

2020లో బ్రాడీ టాంపా బే బకనీర్స్‌కు మారాడు. అంతకుముందు ఏడాది టాంపా 7-9, పేట్రియాట్స్ 12-4. ఆ ఏడాది టాంపా 11-5, పేట్రియాట్స్ 7-9. టాంపా ఫైనల్లో కాన్సాస్ సిటీని 31-9తో ఓడించింది. కొత్త ఊరు, కొత్త కోచ్, కొత్త ప్లేబుక్ (ఎత్తుగడల పుస్తకం), పైగా కోవిడ్ వల్ల సీజన్ ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లు కూడా లేవు. బ్రాడీ వయసు 43. మహోమ్స్‌ను ఒక్క టచ్‌డౌన్ కూడా చేయనివ్వకుండా ఆపింది టాంపా డిఫెన్సేనని మళ్లీ గుర్తుచేయడం మా ధర్మం. కానీ ఆ డిఫెన్స్ అంతకుముందు కూడా అక్కడే ఉంది. బెలిచిక్ మాత్రం బ్రాడీ వెళ్లాక పేట్రియాట్స్‌తో ఒక్క నాకౌట్ మ్యాచ్ కూడా గెలవలేదు.

ఇక వయసు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2000 డ్రాఫ్ట్‌లో 199వ పేరుగా, తనకంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకున్నాక గానీ పిలుపు రాని కుర్రాడు, 40 ఏళ్ల వయసులో లీగ్ ఎంవీపీ, అంటే ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. 44 ఏళ్లప్పుడు 5,316 గజాలు, 43 టచ్‌డౌన్లతో రెండింట్లోనూ లీగ్‌లో మొదట నిలిచాడు. ఒకే కోచ్, ఒకే జట్టు, ఒకే పద్ధతి వల్ల గొప్పవాడయ్యాడనడానికి ఇంక వీలు లేకుండా చేసింది ఈ చివరి మూడేళ్లే. ఏడు ఉంగరాలను కరిగించేసినా ఇది మిగులుతుంది.

జో మోంటానా అభిమానులు దీనికి ఒప్పుకోరు. శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌కు నాలుగు సూపర్ బౌల్స్, నాలుగూ గెలుపే, 122 పాస్‌లలో ఒక్క ఇంటర్‌సెప్షన్ లేదు. బ్రాడీ పదిసార్లు వెళ్లి మూడుసార్లు ఓడాడు కదా అంటారు. ఫైనల్ దాకా రాకుండా ఇంటికి పోయిన ఏళ్లకు శిక్ష లేదు, ఫైనల్లో ఓడినవాడికే శిక్ష అన్నమాట, విడ్డూరం! మోంటానాకు అంతకంటే మంచి సాక్ష్యం వేరే ఉంది. 1986లో వెన్నుకు ఆపరేషన్ జరిగింది, ఆట మానేయమన్నారు, రెండు నెలల్లో తిరిగొచ్చాడు. క్వార్టర్‌బ్యాక్‌ను ఇష్టమొచ్చినట్టు కుమ్మేసే కాలం అది. బ్రాడీ మోకాలి దెబ్బ తర్వాత 2009లో కాళ్ల మీదకు దూకడాన్నే కట్టడి చేశారు. ఇప్పటి రూళ్లలో మోంటానా ఇంకెన్నేళ్లు ఆడేవాడో. అతన్ని రెండో స్థానంలో పెట్టడానికి మాకు చేయి కొంచెం వణికింది. మహోమ్స్ విషయంలో తొందర లేదు, ఇంకా ఆడుతున్నాడు.

బంతుల్లో గాలి తగ్గించిన వ్యవహారంలో బ్రాడీ మీద నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది, 2016లో అది అనుభవించాడు. దాన్ని దాచిపెట్టి మొదటి స్థానం ఇవ్వడం లేదు. ఆ మచ్చ అక్కడే ఉంటుంది.

మమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది వేరే. 'చరిత్రలోనే గొప్ప' అంటున్నప్పుడు ఆ చరిత్రలో ఎవరిని ఆడనిచ్చారో చూడాలి. దశాబ్దాల పాటు ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్‌ను 'బుర్ర వాడే స్థానం'గా చూసి, అది నల్లవారికి కాదని పక్కన పెట్టారు. కాలేజీలో ఆ స్థానంలో మెరిసినవాళ్లను పరుగెత్తే పనికీ, పాస్ పట్టే పనికీ మార్చేసేవారు. వారెన్ మూన్ 1978 జనవరిలో వాషింగ్టన్ యూనివర్సిటీకి కాలేజీ జట్ల పెద్ద మ్యాచ్ రోజ్ బౌల్ గెలిపించి, ఆ మ్యాచ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లకు అతను క్వార్టర్‌బ్యాక్‌గా పనికిరాలేదు. కెనడా వెళ్లి ఆరేళ్లు ఆడాడు. అక్కడ అతని జట్టు ఎడ్మంటన్ వరసగా అయిదేళ్లు ఆ దేశపు లీగ్ ట్రోఫీ గ్రే కప్ గెలిచింది. 27 ఏళ్ల వయసులో హ్యూస్టన్‌కు వచ్చి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 49,325 గజాలు విసిరాడు. ఆ ఆరేళ్లూ ఇక్కడే ఆడి ఉంటే జాబితాలో ఎక్కడుండేవాడో ఏ పట్టికా చెప్పదు. 1988 జనవరిలో నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్ వాషింగ్టన్ జట్టుకు ఒక్క రెండో క్వార్టర్‌లోనే నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు విసిరి సూపర్ బౌల్ గెలిపించేసరికి ఆ పోటీ మొదలై 21 ఏళ్లు. రెండు జట్లకూ నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లే దిగిన మొదటి సూపర్ బౌల్ చూడటానికి 2023 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. మహోమ్స్, జేలెన్ హర్ట్స్.

అంతకంటే చాలా ముందు, 1968లో, డెన్వర్ బ్రాంకోస్ గత్యంతరం లేక మార్లిన్ బ్రిస్కోకు అవకాశమిచ్చింది. ఆధునిక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా మ్యాచ్ మొదలుపెట్టిన తొలి నల్లవాడు అతనే. కొద్ది మ్యాచ్‌ల్లోనే 14 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. మరుసటి ఏడాది ఆ స్థానానికి పోటీపడే అవకాశం కూడా ఇవ్వలేదు. బఫెలో వెళ్లి పాస్ పట్టే రిసీవర్‌గా మారాడు, ఆ తర్వాత మయామీకి చేరి, 1972లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టుతో ఒకటి, మరుసటి సీజన్‌లో ఇంకొకటి, మొత్తం రెండు సూపర్ బౌల్స్ గెలిచాడు. బ్రిస్కోకు రెండు ఉంగరాలున్నాయి. క్వార్టర్‌బ్యాక్‌ల ఉంగరాల పట్టికలో మాత్రం అతని పేరు ఉండదు.